లోపలి పంచాయితీలో పెద్దమనిషి ఎవరు?

పొరపాటు చేశాక తెలుగువాళ్లు తమను తాము తిట్టుకునే తీరు గమనించదగ్గది. "బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను" అంటారు. అక్కర్లేని వస్తువు కొని తెచ్చుకుని "మనసు లాగింది" అంటారు. అనరాని మాట అనేసి "నోరు జారింది" అంటారు. ఇవ్వాల్సిన చోట ఇవ్వలేక "చెయ్యి రాలేదు" అంటారు. బుద్ధి, మనసు, నోరు, చెయ్యి ఒక్కొక్కటీ ఒక్కో మనిషైనట్టు, జరిగిన దానికి వాటినే అడగాలన్నట్టు ఉంటుంది ఆ మాట తీరు. ఇదంతా తప్పించుకునే నేర్పు అని కొట్టిపారేయలేం. లోపల ఉన్నది ఒక్కడే కాదన్న అనుభవం ఏ తత్వశాస్త్రం కంటేనైనా పాతదే. అయితే ఈ నుడికారాల్లో ఒక తేడా ఉంది. మనసు లాగడం మామూలు విషయం, అది దాని పని. గడ్డి తినేది మాత్రం బుద్ధి. అడ్డుకోవలసినవాడు ఆ పూట మేతకు పోయాడు కాబట్టి పని చెడిందని దాని భావం. లోపల ఒక పంచాయితీ ఉందనీ, దానికి పెద్దమనిషి బుద్ధేననీ, పెద్దమనిషి లేని పూట తీర్పు తప్పుతుందనీ మన నమ్మకం. గత అరవై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రం, నాడీశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఈ నమ్మకాన్ని మూడు వైపుల నుంచి పరీక్షకు పెట్టాయి. ఆ ఫలితాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, పంచాయితీ ఉన్న మాట నిజమేననీ, పెద్దమనిషి ఎవరన్న దగ్గరే మన లెక్క తప్పిందనీ తేలుతుంది.

బుద్ధికి ఈ పెద్దరికం చాలా కాలం కిందటే దక్కింది. కఠోపనిషత్తు శరీరాన్ని రథం అంది. ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి, లోపల కూర్చున్న రథికుడు ఆత్మ. గ్రీసులో ప్లేటో ఎంచుకున్నదీ రథాన్నే. ‘ఫీడ్రస్’ అనే సంవాదంలో ఆయన సారథికి రెండు గుర్రాలు కట్టాడు, ఒకటి మాట వినేది, ఒకటి మొండిది. రెండు చిత్రాలూ ఒకే పోలిక అనిపించినా, ఉపనిషత్తులో సారథి యజమాని కాడు. రథం ఎవరిదో ఆయన వెనక కూర్చున్నాడు. ప్లేటో రథంలో సారథిదే సర్వాధికారం. ఐరోపా ఆలోచన చాలావరకు ప్లేటో దారినే నడిచింది. 1739–40లో వెలువడిన తన గ్రంథంలో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఈ వరసను తలకిందులు చేశాడు. ఏది కావాలో చెప్పేవి రాగద్వేషాలేననీ, దాన్ని సంపాదించే ఉపాయం లెక్కగట్టి చెప్పే కొలువు మాత్రమే బుద్ధిదనీ వాదించాడు. ప్లేటో, హ్యూమ్ ఎంత ఎడముఖం పెడముఖంగా ఉన్నా ఇద్దరూ ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకున్నారు. లోపల రెండు పక్షాలు, ఒకటి యజమాని, ఒకటి నౌకరు, తగువల్లా ఏది ఏదన్నదే. ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రానికి ఈ తగువే వారసత్వంగా వచ్చింది. మెదడు తెరిచి చూస్తే యజమాని గది ఒక పక్క, నౌకరు గది ఒక పక్క కనిపిస్తాయని చాలామంది ఆశపడ్డారు.

ఆ ఆశకు అందరినీ ఆకట్టుకునే రూపం ఇచ్చినవాడు అమెరికా శాస్త్రవేత్త పాల్ మెక్‌లీన్. 1960లలో ఆయన చెప్పినదాని ప్రకారం మన తలలో మూడు మెదళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అడుగున ఆకలి, భయం, దూకుడు చూసుకునే సరీసృపపు మెదడు, దాని మీద ఉద్వేగాలు చూసుకునే పాత క్షీరదపు మెదడు, అన్నిటి పైన ఆలోచించే కొత్త మెదడు. 1977లో కార్ల్ సేగన్ రాసిన ‘ది డ్రాగన్స్ ఆఫ్ ఈడెన్’ దీన్ని సామాన్య పాఠకుడి దాకా చేర్చింది. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఆ బల్లి మెదడు ఇప్పటికీ బతికే ఉంది. జంతువుల మెదళ్లను పోల్చి చూసే శాస్త్రజ్ఞులు మాత్రం ఈ సిద్ధాంతాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు. పరిణామం పాత ఇంటి మీద కొత్త అంతస్తులు వేసుకుంటూ పోలేదు. ఉన్న గదులనే ఒకచోట పెంచి, ఒకచోట కుదించి, గోడలు జరుపుకుంటూ వచ్చింది. వెన్నెముక ఉన్న జంతువులన్నిటికీ, చేపకూ బల్లికీ సైతం, ముందు మెదడు, నడి మెదడు, వెనక మెదడు ఉన్నాయి. కాకి తలలో మనకున్నట్టు ఆరు పొరల వల్కలం, అంటే మెదడు పైపొర, లేదు. అయినా కొన్ని జాతుల కాకులు పనిముట్లు తయారుచేసుకుని వాడతాయి. ఆలోచనకూ ఉద్వేగానికీ మధ్య మనం గీసిన గీతను నరాలు కూడా ఖాతరు చేయవు. రెండు వైపులకూ రాకపోకలు దట్టంగా ఉంటాయి. కాబట్టి తగువు ఉంటే దానికి హద్దురాళ్లు వేరే చోట వెతకాలి.

ఉద్వేగం అడ్డు తొలగితే బుద్ధి చక్కగా ఏలుకోగలదా? ప్లేటో రథం నిజమైతే ఏలుకోవాలి. ఈ ప్రశ్నకు జవాబు గాయపడ్డ మెదళ్ల నుంచి వచ్చింది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, మందుగుండు దట్టించే ఆరు కిలోల ఇనుప కడ్డీ ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ ఎడమ చెంపలో దూరి నడినెత్తి మీదుగా బయటికి పోయింది. అతను బతికాడు. మాట పోలేదు, తెలివి పోలేదు, నిలకడ మాత్రం పోయిందని వైద్యుడు జాన్ హార్లో 1868లో రాశాడు. తర్వాతివాళ్లు ఈ కథకు ఉప్పూకారం చేర్చారు. గేజ్ ఆ తర్వాత చిలీలో ఏళ్ల తరబడి గుర్రపుబండి తోలాడు కాబట్టి అతని పతనం చెప్పుకున్నంత పూర్తిది కాదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఆంటోనియో డమాసియో 1994లో ప్రచురించిన ‘డెకార్ట్స్ ఎర్రర్’లో ఉంది. ఎలియట్ అన్న మారుపేరుతో ఆయన వర్ణించిన రోగికి మెదడు ముందు భాగంలోని కణితి తీసేశారు. తెలివితేటల పరీక్షల్లో ఏ లోటూ కనిపించలేదు. ఘోరమైన దృశ్యాలు చూపించినా లోపల ఏమీ కదల్లేదు. అంత నిర్మలమైన బుద్ధితో అతను చేసిందేమిటంటే, కాగితాలు ఏ వరసలో సర్దాలన్న దాని మీదే పూటంతా గడపడం. ఉద్యోగం పోయింది, కూడబెట్టింది పోయింది, కాపురం పోయింది. అలాంటి గాయమే ఉన్న మరో రోగికి డమాసియో తదుపరి రాకకు రెండు తేదీలు చెప్పాడు. ఆ మనిషి డైరీ తెరిచి దాదాపు అరగంట సేపు వేరే పనులు, దగ్గరి తేదీలు, వాతావరణం అంటూ రెండిటి మంచిచెడ్డలూ ఏకరువు పెట్టాడు. చివరికి డాక్టరే రెండో తేదీన రమ్మంటే "సరే" అని డైరీ మూసి లేచాడు.

ఆ అరగంట తర్కంలో తప్పు ఒక్కటీ లేదు. వాదనలన్నీ ఉన్నాయి, వాటిలో దేనికి ఎంత బరువో చెప్పే తూకపురాళ్లే లేవు. ఏ తేదీ అయినా ఫరవాలేదు, ఇంతసేపు ఆలోచించడం దండగ అన్న చిరాకు కూడా ఒక తీర్పే. అది కలగని మనిషి ఎంతకీ తేల్చలేడు. డమాసియో బృందం దీన్ని పేక ముక్కలతో పరీక్షించింది. నాలుగు కట్టల్లో రెండు పెద్ద లాభాలు చూపి అంతకంటే పెద్ద నష్టాల్లో ముంచుతాయి, మిగతా రెండు చిన్న లాభాలతో గట్టెక్కిస్తాయి. మామూలు మనుషులు చెడ్డ కట్ట మీద చెయ్యి వేయబోతుంటే అరచేతికి సన్నగా చెమట పట్టడం మొదలైంది. ముందుభాగం దెబ్బతిన్న రోగులకు అలా పట్టలేదు, వాళ్లు నష్టాల కట్టలనే తీస్తూ పోయారు. తెలియకముందే ఒళ్లు హెచ్చరిస్తుందని డమాసియో వ్యాఖ్యానం. దీనికి 2004లో టియాగో మాయా, జేమ్స్ మెక్లీలండ్ అడ్డు చెప్పారు. ఆటగాళ్లను జాగ్రత్తగా ప్రశ్నిస్తే ఏ కట్ట మంచిదో వాళ్లకు అనుకున్నదానికంటే ముందే తెలుసని చూపించారు. ఈ అభ్యంతరం సబబైనదే. చెమటే ముందు, తెలివి తర్వాత అన్న వరస నిలబడదు. కానీ తెలిసి కూడా తప్పు కట్టే తీసే రోగి మిగిలే ఉన్నాడు. తెలియడం ఒకటి, తెలిసినదానికి బరువు ఉండడం మరొకటి అన్న పాఠాన్ని ఆ అభ్యంతరం తాకలేదు.

మెదడులో గదులు దొరక్కపోయేసరికి మనస్తత్వవేత్తలు వేగాన్ని బట్టి గీత గీశారు. కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ 2000లో పేర్లు పెట్టి, డేనియల్ కానెమన్ 2011లో ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’తో లోకమంతటికీ పరిచయం చేసిన రెండు వ్యవస్థలు ఆ గీతకు చెరోవైపున ఉన్నవే. మొదటిది వేగంగా, శ్రమ లేకుండా పనిచేస్తుంది. రెండోది నిదానంగా, కష్టపడి లెక్క వేస్తుంది. దీన్ని చూపించడానికి షేన్ ఫ్రెడరిక్ 2005లో వాడిన చిన్న లెక్కను రూపాయల్లో చెప్పుకుందాం. బ్యాటూ బంతీ కలిపి 1,100 రూపాయలు. బంతి కంటే బ్యాటు 1,000 రూపాయలు ఎక్కువ. బంతి వెల ఎంత? వంద అని నోటిదాకా వచ్చేస్తుంది. వందే అయితే బ్యాటు 1,100, రెండూ కలిసి 1,200. అసలు జవాబు 50. నోటిదాకా వచ్చిన వందను ఆపి సరిచూసుకునే పని రెండో వ్యవస్థది, అది తరచుగా బద్ధకిస్తుంది. మన "బుద్ధి గడ్డి తిన్నది"కి ఇంతకంటే మంచి ప్రయోగశాల నమూనా దొరకదు. అయితే ఈ రెండు వ్యవస్థలూ వివరించడానికి సౌలభ్యంగా కల్పించుకున్న పాత్రలే తప్ప మెదడులో ఫలానా చోట ఉండే వస్తువులు కావని కానెమన్ తన పుస్తకంలోనే హెచ్చరించాడు. పాఠకులు హెచ్చరికను వదిలేసి పాత్రలను ఉంచుకున్నారు.

వేగంగా వచ్చేదల్లా తప్పు, నిదానంగా వచ్చేదల్లా ఒప్పు అన్నది ఆ వదిలేయడం వల్ల పుట్టిన అపోహ. మిడాఫ్‌లో నిలబడ్డ ఫీల్డరు గాల్లోకి లేచిన బంతి వేగాన్నీ గాలి ఒత్తిడినీ లెక్కగట్టడు. బంతి మీద చూపు నిలిపి, ఆ చూపు కోణాన్ని అదుపులో ఉంచుకునేలా పరుగు సవరించుకుంటూ పోతాడు, క్యాచ్ చేతికి వస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ ఇలాంటి ఉదాహరణలతో, తక్కువ సమాచారంతో చప్పున తేల్చే అడ్డదారులే చాలాచోట్ల మెరుగైన దారులని ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాడు. అగ్నిమాపక దళాల నాయకుల మీద పరిశోధన చేసిన గ్యారీ క్లైన్‌ది కూడా దాదాపు ఇదే వైపు. క్లైన్, కానెమన్ ఇద్దరూ కలిసి 2009లో రాసిన పత్రం ఈ తగువులో చాలా విలువైనది. వైరిపక్షాల వాళ్లు కూర్చుని ఎక్కడ ఏకీభవిస్తారో తేల్చుకున్న అరుదైన సందర్భం అది. పరిసరాల్లో ఒక క్రమం ఉండి, తప్పో ఒప్పో వెంటనే తెలిసివచ్చి, ఏళ్ల తరబడి సాధన జరిగిన చోట చప్పున తట్టినది నమ్మదగ్గది. ఆ మూడూ లేని చోట, ఉదాహరణకు షేర్ల ధరలు చెప్పే చోట, ఎంత గట్టిగా తట్టినా నమ్మకూడదు. ఇక్కడ తీర్పు మంచిచెడ్డలను నిర్ణయిస్తున్నది తీర్పు చెప్పిన వ్యవస్థ పేరు కాదు, అది ఎలాంటి అనుభవం మీద పెరిగిందన్న సంగతి.

ఇప్పుడు అసలు పోరు దగ్గరికి రావచ్చు, నేటికీ రేపటికీ జరిగే పోరు. ఇవాళ తీసుకునే కొద్దిపాటి సుఖమా, ఆగితే దక్కే పెద్ద లాభమా? 2004లో శామ్యూల్ మెక్‌క్లూర్, డేవిడ్ లైబ్సన్, జార్జ్ లోవెన్‌స్టీన్, జొనాథన్ కోహెన్ స్కానర్‌లో పడుకున్నవాళ్ల చేత ఇలాంటి ఎంపికలు చేయించారు. చేతికి వెంటనే అందే సొమ్ము కనిపిస్తే ఉద్వేగానికీ ప్రతిఫలానికీ సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. ఏ ఎంపికలోనైనా నుదుటి వెనకున్న ఫాలభాగపు వల్కలం పనిచేస్తూనే ఉంది. ప్లేటో గుర్రాలు ఫోటోకు దొరికాయని చాలామంది సంబరపడ్డారు. మూడేళ్లకే, 2007లో, జోసెఫ్ కేబుల్, పాల్ గ్లిమ్చర్ ఆ సంబరం మీద నీళ్లు చల్లారు. ఒక్కో మనిషికీ నేటి సొమ్ము ఎంత విలువో, నెల తర్వాతి సొమ్ము ఎంత విలువో విడివిడిగా కొలిచి చూస్తే, ఒకే ప్రాంతాలు రెండింటినీ ఒకే కొలతలో లెక్కిస్తున్నాయి. నేటికో త్రాసు, రేపటికో త్రాసు లేవు. ఒకే పద్దు పుస్తకంలో రెండు పద్దులు పడుతున్నాయి, దూరపు పద్దుకు తరుగు ఎక్కువ. ఎవరికి ఎంత తరుగు అన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా.

త్రాసు ఒకటే అయితే ఈ గుంజాటన ఎక్కడిది? 2009లో టాడ్ హేర్, కాలిన్ కామెరర్, ఆంటోనియో రంగెల్ పథ్యం చేస్తున్నవాళ్లను తీసుకుని చేసిన ప్రయోగం ఇందుకు దారి చూపింది. ఒక్కో తిండి పదార్థానికీ రుచికి కొన్ని మార్కులు, ఆరోగ్యానికి కొన్ని మార్కులు విడివిడిగా వేయించుకుని, తర్వాత ఏది తింటారో ఎంచుకోమన్నారు. నోరు కట్టుకోగలిగినవాళ్లలోనూ కట్టుకోలేనివాళ్లలోనూ విలువ కట్టే భాగం ఒకటే. కట్టుకోలేనివాళ్లలో ఆ భాగానికి రుచి ఒక్కటే చేరింది. కట్టుకోగలిగినవాళ్లలో రుచితో పాటు ఆరోగ్యం కూడా చేరింది, ఫాలభాగపు పక్క ప్రాంతం సాయం పట్టి దాన్ని త్రాసు దాకా తెచ్చింది. 2011లో అదే బృందం, ఎంచుకునే ముందు ఆరోగ్యం సంగతి చూడమని ఊరికే గుర్తుచేస్తే చాలు ఎంపికలు మారాయని చూపింది. కంప్యూటర్ మౌస్ కదలికలను క్షణక్షణం గమనించిన 2015 నాటి మరో అధ్యయనం ఇంకాస్త లోతుకు పోయింది. ఎంపికలో రుచి ప్రభావం ఆరోగ్యం ప్రభావం కంటే సగటున 195 మిల్లీసెకన్ల ముందు మొదలవుతుంది. అంటే సెకనులో ఐదో వంతు. పంచాయితీలో ఒక కక్షి ముందే వచ్చి రచ్చబండ దగ్గర మాట్లాడడం మొదలుపెట్టేశాడు, రెండో కక్షి ఇంకా దారిలోనే ఉన్నాడు. తీర్పు తొందరగా కావాలంటే ఎవరి మాట చెల్లుతుందో చెప్పనక్కర్లేదు. పోరు బుద్ధికీ ఉద్వేగానికీ కాదనడానికి నాకు కనిపించే బలమైన సాక్ష్యం ఇదే. రుచి ఎంత విలువో ఆరోగ్యమూ అంతే విలువ, రెండూ కోరికలే. ముందు వచ్చిందెవరు, ఆలస్యమైందెవరు, ఎవరి వైపు చూపు తిరిగింది అన్నదాంట్లోనే తేడా.

ఆలస్యంగా కూడా రాని కక్షులు ఉంటారు. అలవాటు అలాంటి చోటే పుడుతుంది. 1980ల మొదట్లో క్రిస్టఫర్ ఆడమ్స్, ఆంథొనీ డికిన్సన్ ఎలుకలకు మీట నొక్కితే చక్కెర బిళ్ల వచ్చేలా నేర్పారు. తర్వాత ఆ బిళ్ల తింటే కడుపులో తిప్పేలా చేసి దాని మీద ఏహ్యం పుట్టించారు. కొద్దిగా నేర్చిన ఎలుకలు మీట జోలికి పోవడం తగ్గించేశాయి. మరీ ఎక్కువ సాధన అయిన ఎలుకలు మాత్రం తినబోని బిళ్ల కోసం నొక్కుతూనే ఉన్నాయి. మెదడు లోపలి స్ట్రయేటం అనే భాగంలో ఒక ప్రాంతాన్ని దెబ్బతీస్తే ఈ అలవాటు పోయి మళ్లీ ఫలితం చూసుకునే ఎంపిక తిరిగి వస్తుందని తర్వాత తేలింది. నేథనియల్ డా, యేల్ నివ్, పీటర్ డయాన్ 2005లో దీనికి ఒక లెక్క చెప్పారు. పనికీ ఫలితానికీ ఉన్న దారిని ఊహించి చూసే పద్ధతి ఒకటి, పోయినసారి ఏం పనికొచ్చిందో అదే చేసే పద్ధతి ఒకటి, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఆ క్షణంలో ఏది ఎక్కువ నమ్మకంగా ఉంటే దాని మాటే చెల్లుతుంది. ఈ బేరీజులో రసాయనాల పాత్ర ఎంతో పార్కిన్సన్స్ రోగుల నుంచి తెలిసింది. డోపమైన్ అనే మెదడు రసాయనంలా పనిచేసే కొన్ని మందులు వాడినవాళ్లలో కొందరు, అంతకుముందు పేక ముట్టనివాళ్లు సైతం, జూదానికి బానిసలయ్యారు. మందు ఆపితే లేదా తగ్గిస్తే ఆ వ్యసనం వదిలిపోయింది. వాళ్ల నీతి మారలేదు, బుద్ధి మారలేదు. ఒక కక్షి గొంతు మాత్ర వల్ల పెరిగింది, మాత్ర ఆపితే తగ్గింది.

ఇన్ని కక్షులుంటే "నేను నిర్ణయించాను" అని చెప్పే గొంతు ఎవరిది? మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు అర్ధాల మధ్య వంతెన కోసేసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా చేసిన పరిశోధనలు దీనికి విచిత్రమైన జవాబు ఇచ్చాయి. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. గజానిగా, జోసెఫ్ లెడూ 1970లలో పరీక్షించిన ఒక అబ్బాయి సంగతి ఇది. మాటలాడే ఎడమ అర్ధానికి మాత్రమే కనిపించేలా కోడికాలి బొమ్మ, మాటలేని కుడి అర్ధానికి మాత్రమే కనిపించేలా మంచు కప్పిన ఇల్లు చూపించారు. తగిన బొమ్మలు ఎంచుకోమంటే కుడిచెయ్యి కోడిని చూపింది, ఎడమచెయ్యి మంచు తోడే పారను చూపింది. పార ఎందుకని అడిగారు. మంచు సంగతి ఎరగని ఎడమ అర్ధం తెలియదని అనలేదు. కోళ్లగూడు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అని తడుముకోకుండా చెప్పింది. కోత లేని మెదళ్లలోనూ ఈ పోకడ ఉంది. 2005లో పీటర్ యోహాన్సన్, లార్స్ హాల్ బృందం స్వీడన్‌లో, ఇద్దరి ఫోటోల్లో నచ్చినదాన్ని ఎంచుకోమని, కనికట్టుతో రెండో ఫోటో చేతిలో పెట్టి, ఇదెందుకు నచ్చిందని అడిగింది. పాల్గొన్నవాళ్లు చాలాసార్లు మార్పు గమనించకుండా, తాము ఎంచుకోని ముఖానికి కారణాలు చెప్పారు. కారణాలు చెప్పే గొంతు చాలాసార్లు తీర్పరిది కాదు. తీర్పు వెలువడ్డాక ఊళ్లో చాటింపు వేసేవాడిది. చాటింపు విని అతనే పెద్దమనిషి అనుకోవడం మన మొదటి నమ్మకంలోని పొరపాటు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం ఇది. కక్షులు, పంచాయితీ, చాటింపు ఇవన్నీ అలంకారాలు, ఉన్నది ఒక్క మెదడు, ఒక్క మనిషి. నిజమే, లోపల చిన్న చిన్న మనుషులు లేరు. కానీ ఒకటి దెబ్బతింటే రెండోది మిగలడం, మందు ఒకదాని గొంతే పెంచడం, ఒకటి రెండోదాని కంటే ముందు మొదలుకావడం కొలవదగ్గ సంగతులు. విడివిడిగా చెడిపోగలవంటే అవి విడివిడిగా ఉన్నాయనే అర్థం, పేర్లు ఏవైనా పెట్టుకోవచ్చు. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. నిర్ణయం ఎక్కడో జరిగి మనకు తర్వాత తెలుస్తుంటే బాధ్యత ఎవరిది? 1983లో బెంజమిన్ లిబెట్, వేలు కదపాలన్న స్పృహ కలగడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో సన్నాహపు విద్యుత్తు మొదలవుతుందని చూపినప్పటి నుంచి ఈ భయం ఉంది. 2012లో ఆరన్ షర్గర్ బృందం ఆ సన్నాహం అసలు నిర్ణయమే కాకపోవచ్చని చూపింది. నిరంతరం ఎగసిపడే అలజడి ఒక హద్దు దాటిన క్షణాన్ని వెనక్కి లెక్కిస్తే అలాంటి వంపే కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఏ కారణమూ లేకుండా వేలు కదపడాన్ని ఎవరూ బాధ్యతకు నమూనాగా తీసుకోరు. ఇల్లు కొనాలా, పెళ్లికి ఒప్పుకోవాలా అన్నవి వారాల తరబడి నలుగుతాయి. అక్కడ ఎన్ని పక్షాలు వచ్చి చెప్పుకోవడానికి అవకాశం ఇచ్చామన్న దాంట్లోనే మన బాధ్యత ఉంది.

సంకల్పబలం ఉండగా ఇవన్నీ ఎందుకు అని మూడో అభ్యంతరం. గుర్రం ఎంత మొండిదైనా గట్టి సారథి లొంగదీస్తాడని నమ్మేవాళ్లు వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ బాలబడిలో మొదలుపెట్టిన మార్ష్‌మెలో పరీక్షను చూపిస్తారు. ఎదుట ఉన్న మిఠాయిని వెంటనే తినేయకుండా, ఆగితే దక్కే రెండోదాని కోసం ఆగిన పిల్లలు పెద్దయ్యాక రాణించారన్నది దాని ఖ్యాతి. 2018లో టైలర్ వాట్స్ బృందం ఎక్కువమంది పిల్లలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం బాగా పలచబడింది. కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇంకా పలచబడింది. అంతకుముందు 2013లో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది పిల్లలతో చేసిన ప్రయోగం అసలు కిటుకు బయటపెట్టింది. కొందరు పిల్లలకు మంచి రంగుపెన్సిళ్లు తెస్తానని చెప్పి తెచ్చారు. కొందరికి చెప్పి తేలేదు. తర్వాత రెండు గుంపులకూ మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి ముందు 3 నిమిషాలు. ఇవ్వనివాడి కోసం ఎదురుచూడకపోవడం బలహీనత ఎలా అవుతుంది? రేపటి పద్దుకు తరుగు ఎంతో నిర్ణయించినది ఆ పిల్ల గుణం కాదు, ఎదుటివాళ్ల మాట మీద నమ్మకం. నిగ్రహం వాడేకొద్దీ తరిగిపోయే ఇంధనం అన్న సిద్ధాంతానికీ ఇదే గతి. 2016లో 23 ప్రయోగశాలలు 2,000 మందికి పైగా మనుషులతో పరీక్షిస్తే చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం జర్మనీలో 205 మంది రోజువారీ కోరికలను నమోదు చేసింది. నిగ్రహం ఎక్కువని పేరున్నవాళ్లకు కోరికలతో పెనుగులాటే తక్కువ. వాళ్లు పోరాడి గెలవడం లేదు. పోరాటం వచ్చే దారిలో పోవడం లేదు.

ఈ మాట చీటీ కట్టినవాళ్లకు కొత్త కాదు. ఇరవై మంది కలిసి నెలకు 5,000 చొప్పున వేసే లక్ష చీటీలో, అవసరం ఉన్నవాళ్లు తక్కువకు పాట పాడి ముందే ఎత్తుకుంటారు. ఆఖరిదాకా ఆగి తీసుకునేవాళ్లు ఎందుకు కడతారన్నది చిక్కు ప్రశ్న. డబ్బు ఇంట్లో పెట్టుకుంటే ఉండదని వాళ్లకు తెలుసు. ఒకటో తారీఖు వాయిదా కట్టకపోతే నలుగురిలో పరువు పోతుంది. ఆ భయం నెల నెలా రేపటి పక్షాన్ని సమయానికి పంచాయితీకి తీసుకొస్తుంది. కెన్యా గ్రామాల్లో ఇలాంటి చీటీలనే పరిశీలించిన మేరీ కే గుగర్టీ 2007లో, ఒంటరిగా పొదుపు చేయలేమని తెలిసినవాళ్లు గుంపు బలాన్ని ఇలా వాడుకుంటారని ఆధారాలు చూపారు. ఫిలిప్పీన్స్‌లో నవా అష్రఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ ఒక బ్యాంకు ఖాతాదార్లకు, తామే పెట్టుకున్న గడువో మొత్తమో చేరేదాకా సొంత డబ్బు తీసుకోలేని ఖాతా ఇస్తామన్నారు. వడ్డీ అదనంగా ఏమీ లేదు. అయినా 28 శాతం మంది ఒప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ అవకాశం అందినవాళ్ల నిల్వలు అందనివాళ్లతో పోలిస్తే 81 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగాయి. బ్యాట్ లెక్కలో ఓడిపోయే బుద్ధే ఇక్కడ గెలుస్తోంది. ఆశ కళ్లెదుట ఉన్న క్షణంలో దానికి మాట చెల్లదు. ఆశ లేని పూట పంచాయితీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరి ఎదుట జరగాలో నిర్ణయించే పని మాత్రం దానికి వచ్చు.

పంచాయితీ ఎక్కడ కూర్చోవాలో మనం నిర్ణయించకపోతే నిర్ణయించేవాళ్లు వేరే ఉన్నారు. రాత్రి పదకొండింటికి ఫోన్ మీద కనిపించే "ఇంకో ఆట" మీట ఆ ఎలుకల మీటకు దూరం కాదు. అప్పుడో ఇప్పుడో వచ్చే గెలుపు అలవాటును గట్టిపరుస్తుంది, నష్టం లెక్క తెర మీదికి ఆలస్యంగా వస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పెద్దవాళ్ల సొంత డబ్బు మీద ప్రభుత్వానికి ఏం హక్కు అని అడగడం న్యాయమే. నిషేధం అన్నిచోట్లా మంచి మందు అని నేను అనను. కానీ ఒక పక్షానికే మైకు ఇచ్చే ఏర్పాటును స్వేచ్ఛ అనడమూ కుదరదు. పేదరికం దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంటకు ముందూ తర్వాతా పరీక్షించిన 2013 నాటి అధ్యయనంలో, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో వాళ్ల ఆలోచన మార్కులు తగ్గాయి. దాని లెక్కల మీద ఇతర పరిశోధకులు అభ్యంతరాలు చెప్పారు, దాని మీదే సిద్ధాంతం కట్టకూడదు. అయినా అదే రైతు పంట చేతికొచ్చాక మెరుగ్గా ఆలోచించాడంటే, తప్పు నిర్ణయాన్ని మనిషి గుణానికి అంటగట్టే ముందు ఆ నిర్ణయం ఏ పూట, ఎంత ఒత్తిడిలో జరిగిందో అడగాలన్న హెచ్చరిక మాత్రం మిగులుతుంది.

కాబట్టి రచ్చబండ మీద పెద్దమనిషి కుర్చీ ఖాళీ. బుద్ధి అందులో ఎప్పుడూ కూర్చోలేదు, మనసూ కూర్చోలేదు. ఉన్నది ఒకే త్రాసు, దాని దగ్గరికి వేర్వేరు వేగాలతో వచ్చే పక్షాలు, ఎవరి మాట నమ్మాలో నేర్పిన గత అనుభవం, తీర్పు అయ్యాక కారణాలు చాటే గొంతు. ఉపనిషత్తులో రథికుడు వేరు, సారథి వేరు అన్న తేడా ఇక్కడ కొత్తగా కనిపిస్తుంది. సారథికి కొరడా ఇచ్చి గుర్రాలను కొట్టమనడం కంటే, ఏ పూట ఏ దారిన బయలుదేరాలో ముందే తేల్చుకోవడం మేలు. వాయిదా తేదీ పెట్టుకోవడం, పెద్ద నిర్ణయం మీద ఒక రాత్రి నిద్రపోవడం, ఇంట్లో ఇంకొకరిని అడిగి చెబుతామనడం చిన్న విషయాలే. కానీ ఆలస్యంగా వచ్చే పక్షం కోసం వేచి ఉండే పద్ధతులు అవే. "బుద్ధి గడ్డి తిన్నది" అనేవాళ్లు ఇంకో మాట కలుపుకుంటే సరిపోతుంది. ఏ చేలో తిన్నది, ఆ చేను గట్టున దాన్ని ఆ పూట కట్టేసిందెవరు అని.